పగలని కిటికీకి పూసిన నూనె

మా మందిరానికి ఎనిమిది కిటికీలు. తూర్పున నాలుగు, పడమర నాలుగు. రేణిగుంట దాటి కొండవైపు తిరిగే దారిలో, మా నాయన కాలంలో విశ్వాసులు తలా ఇన్ని ఇటుకలు మోసి కట్టుకున్న మందిరం అది. కట్టిన నాటి నుంచి ఆ కిటికీల గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీ మంచిదనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. దానిగుండా వెలుగు వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు.

తర్వాత కోతులు వచ్చాయి.

కోతికి కిటికీ గాజులో ఇంకో కోతి కనిపిస్తుంది. ఇది పళ్ళికిలిస్తే అది కూడా ఇకిలిస్తుంది. ఇది మీదికి దూకితే అది వెనక్కి తగ్గదు. ఎదుటివాడు తనలాగే ఉన్నాడని తెలియక వాడిమీద పడి కొట్టడం కోతుల తెలివితక్కువతనం అని నేను చాలాకాలం అనుకున్నాను. రెండు నెలల్లో ఐదు గాజు పలకలు పగిలాయి. వాటికి అట్టముక్కలు అంటించుకున్నాం. ఒక ఆదివారం సంఘమంతా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా ఒక అట్ట ఊడింది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి, ఎవరో కృతజ్ఞతగా తెచ్చిపెట్టిన అరటిగెలలో సగం లేదు. ఆ రోజు అయ్యగారు ప్రార్థన కొంచెం పొడవుగా చేశారు.

అయ్యగారంటే మా పాస్టరు. ఆయన వెంటనే కమిటీని కూర్చోబెట్టారు. ఆ కమిటీకి నేను కార్యదర్శిని. బతుకుతెరువుకు ఒక ట్రాన్స్‌పోర్టు గోడౌనులో దిగిన సరుకుకు చీటీలు రాస్తాను. ఆ పనిలో నేను నేర్చుకున్న సత్యం ఒకటే. చెక్కపెట్టె మీద గ్లాసు బొమ్మ వేసి ‘జాగ్రత్త’ అని రాసి ఉంటే, లోపలిది అప్పటికే పగిలి ఉంటుంది. అందుకని మళ్ళీ గాజే వేద్దామన్న మాట రాగానే నేను అడ్డం పడ్డాను.

కమిటీలో రైల్వేలో పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన ఉన్నాడు. నేను అవునన్నదాన్ని కాదనడం ఆయన పరిచర్య.

“గాజే వేద్దాము. ముందర ఇనుప జాలీ కొట్టిద్దాము. అయిపోయా,” అన్నాడు.

“జాలీ కొడితే మందిరం మాదిరి ఉంటాదా, సబ్ జైలు మాదిరి ఉంటాదా?” అన్నారు అయ్యగారు.

పాల వ్యాపారం చేసే ఇంకొకాయన ఫైబరు షీట్ల మాట ఎత్తి, తనే వెనక్కి తీసుకున్నాడు. “మా ఆవుల కొట్టానికి అదే ఏసినాము. రెండేండ్లకు పచ్చబడిపోయి, ఆవులకు కామెర్లు వచ్చినట్టుండాది.” హోటళ్ళలో ఏసీ గది వాకిలికి వేలాడే మెత్తని ప్లాస్టిక్ పట్టీలు ఎట్లా ఉంటాయని మరొకరు అడిగారు. “అవి ఏస్తే, ప్రసంగం మధ్యలో ఇడ్లీ ఆర్డరు చెప్పబుద్ధి అవతాది,” అన్నాడు పెద్దాయన. ఆ ఒక్క విషయంలో నేను ఆయనతో ఏకీభవించాను.

చివరికి విచారించే భారం నా మీద పడింది. నిజం చెప్పాలంటే నేనే వేసుకున్నాను.

తిరుపతిలో బోర్డులు రాసేవాళ్ళకు షీట్లు అమ్మే షాపు ఒకటి ఉంది. ఆ షాపాయన రెండు ముక్కలు తెచ్చి బల్లమీద పెట్టాడు. రెండూ కంటికి ఒక్కటే.

“సూడప్పా, ఒకే తల్లి బిడ్డల మాదిరి ఉండాయి కదా. ఇది అక్రిలిక్కు. గాజుకంటే తేటగా ఉంటాది, ఎండకు పసుపెక్కదు. అయితే కోతి ఎగిరి దూకిందంటే పెళుక్కున చీలతాది. ఇది పాలీకార్బొనేటు. ఇదో సుత్తి, కొట్టు.”

కొట్టాను. బల్లమీది పెన్నులు ఎగిరాయి. షీటు మాత్రం నన్ను చూసి జాలిపడినట్టు అట్లాగే ఉంది. ఇంకోసారి కొట్టాను.

“సాలు, బల్ల పోతాది,” అని సుత్తి లాక్కున్నాడు. “ఇప్పుడు నా మాట ఇను. దీనికి గీతలు దండిగా పడతాయి. మెత్తని గుడ్డ, సబ్బునీళ్ళు, అంతే. ఎండకు సాగతాది, ఫ్రేములో రవంత సందు ఇడవాల. రెండు పక్కలా కాగితం ఉంటాది, రాతలుండే పక్క బయటికి రావాల. ఎండను తట్టుకునే పూత ఆ పక్కే ఉండాది. ఇంకొకటి. స్పిరిట్టు, థిన్నరు, సెంటు తగలనీయొద్దు. బిగువు మీద ఉండే షీటుకు అవి తగిల్తే లోపల్లోపలే సన్నంగా చీలతాది.”

“కిటికీకి సెంటు యాడ పూస్తామన్నా?” అని నవ్వాను.

ఆయన చెప్పిన మాటలు ఇన్ని. నేను సంఘానికి పట్టుకొచ్చింది సుత్తి దెబ్బ ఒక్కటే. ఆ దెబ్బ తిన్న ముక్కను అడిగి తీసుకుని సంచిలో వేసుకున్నాను.

తర్వాతి ఆదివారం ప్రకటనల సమయంలో మందిరం మెట్లమీద ఆ ముక్కను పెట్టి అందరి ముందూ సుత్తితో కొట్టాను. “ఆమెన్!” అన్నారు. అక్కడ ఆపి ఉంటే బాగుండేది. కానీ ఇరవై ఏళ్ళుగా సండేస్కూలు చెబుతున్న మనిషికి పోలిక దొరికితే ఆగడం కష్టం. “అక్రిలిక్ అనేది పైకి తేటగా కనిపించే విశ్వాసి వంటిది. చిన్న పరీక్ష వస్తే పగిలిపోతుంది. గీతలు పడినా, వంగినా పగలనివాడు పాలీకార్బొనేటు వంటి విశ్వాసి,” అని అరగంట చెప్పాను. అయ్యగారు ఆ పోలికను మరో రెండు ఆదివారాలు వాడుకున్నారు. నాకు గర్వం కలగలేదంటే అబద్ధమవుతుంది.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. నాకంటే ఏడేళ్ళు పెద్దది. అమ్మ తొందరగా పోవడంతో నన్ను పెంచింది ఆమే. మా బావ పోయిన తర్వాత మా ఇంట్లోనే ఉంటూ జాకెట్లు కుడుతోంది. చిన్నప్పుడు తట్టు వచ్చి ఎడమ కన్ను పోయింది. సూదిలో దారం ఎక్కించినా, పాటల పుస్తకం చదివినా అంతా కుడికన్నే. ఇప్పుడు దానికీ శుక్లం ముదురుతోంది. మందిరం కిటికీలు తుడవడం ఆమె పరిచర్య. ప్రతి శనివారం తడిపిన పేపరు ఉండతో ఎనిమిదింటినీ కిర్రుకిర్రుమని తుడిచేది. తూర్పు వైపు మూడో కిటికీ కింద ఆమె కూర్చునే చాప.

నా ప్రసంగం అయిన రోజు స్కూటరు వెనక కూర్చుని ఇంటిదాకా సణుగుతూనే ఉంది.

“ఇసకలోంచి పుట్టింది గాజు. దేవుడు చేసిన ఇసక. ప్లాస్టిక్కు యాడ పుట్టింది?”

“అదీ భూమిలోంచి వచ్చిన నూనెతోనే చేస్తారక్కా.”

“బకెట్టు కూడా అట్లే చేస్తారు. ఎండలో పెడితే రెండేండ్లకు పెంకులు పెంకులు లేస్తాది. నీ పగలని ఇశ్వాసి సంగతి సూస్తాలే.”

షీట్లు వచ్చాయి. వెల్డింగు పని చేసే మనిషి బిగించడానికి వచ్చాడు. అక్క కిటికీ మీదే కోతుల దాడి ఎక్కువ కాబట్టి మొదట దానితోనే మొదలుపెట్టించాను. “రవంత సందు ఇడవాల కదన్నా,” అన్నాడు అతను కూడా. సందు వదిలితే దోమలు వస్తాయని, అంగుళం తేడా రాకుండా టైటుగా కొట్టమని చెప్పాను. ఆ మొదటి షీటు ఫ్రేములో ఇరుక్కుని, ఒక పట్టాన దిగలేదు. అతను బయటినుంచి నెట్టి, లోపలినుంచి పీకి, అంచులు గీకి, చెమటలు కక్కాడు. ఆ పాట్లతో చెయ్యి తిరిగి మిగతా ఏడింటినీ సాయంత్రానికి సునాయాసంగా కూర్చోబెట్టాడు. బయటి వైపు రాతలున్న కాగితాలను సర్రుసర్రున లాగిపారేశాడు. నేను వెనక నిలబడి, పని అంటే ఇట్లా ఉండాలి అనుకున్నాను.

మందిరంలోకి ఏ కొత్త వస్తువు వచ్చినా నూనె పూసి ప్రతిష్ఠించడం మా సంఘం ఆనవాయితీ. మైకు సెట్టుకు పూశాం, చాపలకు పూశాం. ఇన్వర్టరు మీద అయ్యగారి బొటనవేలి ముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ నూనె కలిపే పని కార్యదర్శిది. మా నాయన కార్యదర్శిగా ఉన్నప్పుడు మెడికల్ షాపులో దొరికే ఆలివ్ నూనె డబ్బాలో రెండు చుక్కల అత్తరు వేసేవాడు. నేను ఆ రోజు ఉన్న సంతోషంలో సెంటు సీసా సగం ఒంపాను.

షాపాయన మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఈగ వచ్చినట్టు వచ్చింది, చెయ్యి ఊపితే పోయింది. ప్రార్థించిన నూనె ప్లాస్టిక్కును ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఇది విశ్వాసం అని అప్పుడు అనుకున్నాను. అసలు సంగతి వేరు. ఇంతగా పొగిడిన కిటికీలకు నూనె పడదని ఇప్పుడు అయ్యగారి ముందు చెప్పాలంటే, మెట్లమీద సుత్తి పట్టుకున్న మనిషికి నామోషీగా ఉంటుంది. నా విశ్వాసంలో ఎక్కువ భాగం ఆ నామోషీయే.

అయ్యగారు ఎనిమిది కిటికీలకూ లోపలివైపు నడిమధ్యన నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత నూనెతో గీసి ప్రార్థించారు. మందిరమంతా గుమగుమలాడింది.

కొత్త కిటికీలతో రెండు తేడాలు వచ్చాయి. ఎండెక్కే కొద్దీ షీట్లు సాగి, ఫ్రేములో చోటు లేక ‘టక్’ మనేవి. పదకొండు గంటలకు ప్రసంగం బాగా అందుకునే వేళకు ఒకటి టక్, ఇంకొకటి టక్. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు, పాతవాళ్ళు ఆమెన్ అనేవాళ్ళు. రెండోది, వెలుగు గాజంత తేటగా లేదు. “ప్లాస్టిక్కంటే అట్లే ఉంటాది, కండ్లకు సల్లగా హాయిగా ఉండాది కదా,” అని నేను అందరికీ చెప్పాను. నమ్మారు. కార్యదర్శి మాట నమ్మడం మా సంఘానికి అలవాటు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కను కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్నది, ఓపిక గలది.

“శుక్లం బాగా ముదిరిపోయిందమ్మా. ఇంకా ఆలస్యం చేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. నరం దెబ్బతింటే మళ్ళీ ఏమీ చేయలేం. మీకు ఉన్నది ఈ ఒక్క కన్నే కదా. ఆపరేషన్ చేసి లోపల లెన్స్ పెడతాం.”

“గాజుదా?” అని అడిగింది అక్క.

“కాదమ్మా. అక్రిలిక్. మడతపెట్టి లోపల పెడితే అదే విచ్చుకుంటుంది.”

అక్క మెల్లగా నావైపు తిరిగింది. సరిగ్గా కనబడని ఆ కంటితో అంత సూటిగా చూడవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

“మందిరం మెట్లమీద అరగంట సెప్పినావు కదరా? పైకే తేటగా ఉంటాది, పెళుక్కున పగలతాది, పరీచ్చలో నిలబడదు అని. కోతులకు వద్దన్నదాన్ని నా కంట్లో పెట్టిస్తావా?”

“అది వేరే అక్రిలిక్కక్కా...”

“ఎన్ని రకాల అక్రిలిక్కులుండాయి? ఆ దినం ఒకటే సెప్పినావే!”

“కంట్లో కోతులు దూకవు కదక్కా,” అన్నాను. డాక్టరమ్మ కాగితం వైపు తల వంచుకుని నవ్వు ఆపుకుంది. ఇది ఎన్నేళ్ళు వస్తుందని అక్క అడిగితే, మీరున్నన్నాళ్ళూ వస్తుందని చెప్పింది. ఇంటికి వచ్చే దారిలో, గ్యారంటీ కార్డు మాత్రం ఇవ్వలేదని అక్క గుర్తుచేసింది. అయినా నాలుగు రోజులు గొణిగి ఒప్పుకుంది. మూడు వారాల తర్వాతి గురువారానికి తేదీ ఇచ్చారు.

ఆపరేషనుకు పదకొండు రోజులు ఉందనగా, ఆదివారం ఉదయం ఆరాధన మధ్యలో అక్క లేచి నిలబడింది.

“సిలువ! అద్దంలో సిలువ వెలగతా ఉండాది!”

అందరం చూశాం. తూర్పు వైపు మూడో కిటికీ నడుమ, ఎండ ఏటవాలుగా పడినచోట, వెండి వెంట్రుకల్లాంటి సన్నని గీతలు వేలసంఖ్యలో మెరుస్తున్నాయి. నిలువుగా ఒక బారు, అడ్డంగా ఒక బారు. తల కాస్త పక్కకు తిప్పితే మాయం, మళ్ళీ తిప్పితే ప్రత్యక్షం. మందిరం మోకాళ్ళ మీదికి వంగింది. నేనూ వంగాను. వంగిన తర్వాత నా ముక్కుకు సెంటు వాసన తగిలింది. మూడు వారాల కిందటి వాసన అప్పటిదాకా ఉండదు. అది నా మనస్సాక్షి నుంచి వచ్చిన వాసన అనుకుంటాను.

తర్వాతి రెండు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళనుంచి మనుషులు వచ్చారు. నాయుడుపేట నుంచి ఒక వ్యాను వచ్చింది. అయ్యగారిని పక్కకు పిలిచి ఏమంటారని అడిగాను.

“తొందరపడి అవుననీ అనొద్దు. తొందరపడి కాదనీ అనొద్దు,” అన్నారు. ఇన్నేళ్ళలో అంత జాగ్రత్తయిన వాక్యం ఆయన నోట వినలేదు. నాకు ఆ జాగ్రత్త చాలా నచ్చింది. అందులో నాకు కూడా దాక్కోవడానికి చోటుంది.

కానీ బుధవారం అక్క తన సంచి సర్దుకోవడం మానేసి మిషను ముందు కూర్చుంది.

“ఆపరేషను వద్దు. ఆసుపత్రికి ఫోన్ చేసి సెప్పు.”

“అదేందక్కా?”

“పాటల పుస్తకంలో అచ్చరాలు కనబడవు. ఎదర కూసున్నోళ్ళ మొగాలు కనబడవు. అది మాత్రం నాకు తెల్లంగా కనబడింది. సంగంలో అందరికంటే ముందు నాకే కనబడింది. ఆయన నా కంటిని ముట్టినాడురా. ఇంక ప్లాస్టిక్కు యాలకు?”

నేను లేఖనాలు చదువుకున్నవాణ్ణి. దేవుడు స్వస్థపరుస్తాడని నమ్మినవాణ్ణి, ఇప్పుడూ నమ్ముతాను. ఆమె పదాలన్నీ నేను సండేస్కూల్లో నేర్పిన పదాలే. వాటికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఉన్నది సగం ఖాళీ అయిన సెంటు సీసా. గురువారానికి ఇంకా వారం ఉంది. ఆ రోజు దాటితే మళ్ళీ ఎప్పటికి తేదీ ఇస్తారో, ఆ కన్ను అప్పటిదాకా ఆగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆమె కన్ను ఇప్పుడు నా నోటిమీద ఆధారపడి ఉంది. నా నోరు అంత నమ్మదగింది కాదని నాకు అప్పటికే తెలుసు.

చెప్పేశాను. షాపాయన వద్దన్నది, నేను నవ్వింది, సీసా ఒంపింది, ఈగను తోలినట్టు తోలింది, అన్నీ.

అక్క మిషను ఆపలేదు. “నీకు ఇశ్వాసం సాలదు,” అంది. “ఎట్ల సూపిస్తావో సూపించు.”

శుక్రవారం మధ్యాహ్నం సంచిలోంచి సుత్తి దెబ్బలు తిన్న ఆ ముక్కను తీశాను. ఫ్రేములో ఉన్నంత బిగువు రావాలని దాన్ని విల్లులా వంచి తాడుతో బిగించాను. మిగిలిన నూనె సీసా తెచ్చాను. అక్క పెరట్లో బండమీద కూర్చుని కాపలా కాసింది.

“సిలువ గీసినావంటే సెయ్యి ఇరగ్గొడతా. ఇంకేదన్నా గీయి.”

వేలితో చేపను గీశాను. ఎండలో పెట్టాం. ఒక గంటకు ఏమీ లేదు. అక్క ముఖంలో విజయం కనిపించింది, నా లోపల కూడా ఒక మూల సంతోషం కలిగింది. నేను తప్పు చేయలేదేమో, నిజంగానే గుర్తు వచ్చిందేమో అని. నాలుగు గంటలకు ముక్కలో వెండి వెంట్రుకలు లేచాయి. అక్క చేతికిచ్చాను. ఆమె ఎండకు ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, గోటితో తడిమింది.

“ఏం గీసినావు?”

“చేప.”

“ఇది చేపనా? వంకాయ మాదిరి ఉండాది.” కాసేపు చూసి పకపకా నవ్వింది. “వంకాయ ప్రత్యచ్చమైందిరా! నాయుడుపేట వ్యానును పిలుద్దామా?”

ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. ముక్కను ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడిచింది.

“అంటే ఆడ నాకు కనబడింది నీ సెంటా?”

ఆమె దగ్గర నేను తీసుకున్నది చిన్నది కాదు. జీవితంలో ఒక్కసారి సంఘమంతటికంటే ముందు ఆమెకు ఒకటి కనిపించింది. దాన్ని వంకాయ చేశాను.

ముక్కను నా చేతికి తిరిగి ఇచ్చింది. “ఆపరేషనుకు వస్తా. అయితే ఒకటి. పెరట్లో నా ఒక్కదానికి వంకాయ సూపించి గమ్మునుంటానంటే కుదరదు. మందిరంలో సెప్పు. మన సంగంలో సుగరుండే ఆమె నిన్న నన్ను అడిగింది, నువ్వు ఆపరేషను మానుకుంటా ఉండావంట, నేను కూడా మాత్రలు మానేసేదా అని. నేనేం సెప్పాల?”

ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. మా సంఘంలో సాక్ష్యం వినడానికి ఒక పద్ధతి ఉంది. వాక్యం ఆగినచోటల్లా జనం స్తోత్రం చెబుతారు, ఏం చెప్పారో తర్వాత ఆలోచిస్తారు.

“ఈ కిటికీలు తెచ్చింది నేను.”

“స్తోత్రం!”

“నూనెలో సెంటు సీసా సగం ఒంపింది నేను.”

“హల్లెలూయ!”

“షాపాయన వద్దని ముందే చెప్పినాడు. నేను ఎవురికీ చెప్పలేదు. ఆ గీతలు సెంటు తగిలి ప్లాస్టిక్కు చీలిన గీతలు. అయ్యగారి వేలు పోయిన దారిలోనే చీలినాయి.”

స్తోత్రం రాలేదు. నా జీవితంలో ఒక సాక్ష్యాన్ని సంఘం పూర్తిగా విన్నది అదొక్కసారే. నేను తెచ్చిన వంకాయ గీతల ప్లాస్టిక్ ముక్కను చేతులు మారుస్తూ చూశారు. సుగరు ఆమె అందరికంటే ఎక్కువసేపు చూసింది. అప్పుడు పెద్దాయన లేచాడు. ఆయన లేవకుండా ఉండడని నాకు తెలుసు.

“సరేనప్పా. నూనె ఎనిమిదింటికీ పూసినారా లేదా?”

“పూసినారు.”

“ఎనిమిదింటినీ బిగువుగానే కొట్టించినావా?”

“అవును.”

“మరి సెంటే అయితే ఎనిమిదింటికీ రావాల కదా. ఒకదానికే యాలకు వచ్చింది?”

నాకు జవాబు తెలియదు. నిజం చెప్పడానికి లేచినవాడికి సగం నిజమే తెలిసి ఉండడం కన్నా ఇబ్బంది మరొకటి లేదు. నోరు తెరిచాను. అంతలో పడమటి కిటికీ ‘టక్’ మంది.

“అదో, జవాబు సెప్పింది,” అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. అయ్యగారు గొంతు సవరించుకుని, పాట పాడదాం అన్నారు.

ఆరాధన అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచారు. “మంచి పని చేసినావు. ముందే నా చెవిలో ఏసుంటే ఇంకా మంచి పని అయ్యుండు. సిలువను సూడ్డానికి వచ్చినోళ్ళు రవంత వాక్యమైనా ఇని పొయ్యేవాళ్ళు. ఇంక వంకాయను సూడ్డానికి వస్తారేమో.” మెట్లు దిగబోతూ, “మీ అక్క ఆసుపత్రికి వస్తుందా?” అని అడిగారు. వస్తుందన్నాను. ఆయన భుజాలు దిగడం చూసి, ఇన్ని రోజులూ ఆ జాగ్రత్త వాక్యం ఆయనకూ బరువుగానే ఉండిందని అర్థమైంది.

సంఘం రెండుగా ఉండిపోయింది. సగం మంది సెంటన్నారు, సగం మంది సెంటే అయితే ఎనిమిదింటికీ రావాలన్నారు. సుగరు ఆమె మాత్రలు మాత్రం వేసుకుంటోందని అక్క కనుక్కుంది.

గురువారం ఆపరేషన్ జరిగింది. లోపలికి తీసుకుపోయే ముందు అక్క డాక్టరమ్మను అడిగిన ప్రశ్న నాకు వినిపించింది. “అమ్మా, దీనికి సెంటు తగిల్తే ఏమన్నా అవతాదా?”

నెల దాటాక, తుడిచే పని చేసుకోవచ్చని డాక్టరమ్మ చెప్పిన తర్వాత వచ్చిన శనివారం, అక్క మెత్తని గుడ్డ, సబ్బునీళ్ళ బకెట్టు పట్టుకుని మందిరానికి బయలుదేరింది. నేను వెంట వెళ్ళాను. ఆమె బకెట్టు కింద పెట్టి, ఏమీ తుడవకుండా ఒక్కొక్క కిటికీ ముందూ నిలబడుతూ పోయింది. మూడోదాని దగ్గర ఎక్కువసేపు నిలబడింది. వెండి వెంట్రుకలు అట్లాగే మెరుస్తున్నాయి. నాలుగోదాని దగ్గరకు వెళ్ళింది. మళ్ళీ మూడోదాని దగ్గరకు వచ్చింది. మళ్ళీ నాలుగు.

“ఒరే, ఇట్ల రా.”

వెళ్ళాను.

“ఆ మూడోదాంట్లోంచి కొండ తేటగా కనబడతా ఉండాది. ఈ నాలుగోదాంట్లోంచి మంచు పట్టినట్టు ఉండాది. రెండూ ఒకే షీటు కాదా?”

“ఒకటే అక్కా. ప్లాస్టిక్కు కదా, అట్లే...”

ఆమె నా మాట వినలేదు. నాలుగో కిటికీ కింది మూలలో గోరు పెట్టి గీకింది. ఒక సన్నని అంచు లేచింది. దాన్ని పట్టుకుని లాగింది. రాతలేవీ లేని, మసకగా వెలుగు దూరే పల్చని ప్లాస్టిక్ కాగితం ఒక పట్టీగా ఊడి వచ్చింది. అది ఊడినంత మేరా కొండ కనిపించింది.

“దీనికి కవరే తీయలేదు కదరా.”

రెండు పక్కలా కాగితం ఉంటుందని షాపాయన చెప్పాడు. రాతలున్నదాన్ని బయట లాగేయడం చూశాను. రాతలు లేనిదాన్ని చూడలేదు, ఎందుకంటే దానిమీద చదవడానికి ఏమీ లేదు. పెద్దాయన ప్రశ్నకు జవాబు అక్క చేతిలో వేలాడుతోంది. ఏడు కిటికీలకు నూనె కాగితానికి తగిలింది, షీటుకు తగల్లేదు. మొదట బిగించిన అక్క కిటికీకి మాత్రం ఆ పెనుగులాటలో లోపలి కాగితం ఊడిపోయింది. బట్టబయలుగా ఉన్న ఒక్క షీటు చీలింది. దాన్ని చూసి సంఘం మోకరించింది, మిగతా ఏడింటి మసక వెలుగును నేను కళ్ళకు హాయి అని బోధించాను.

“ఇంతమందిమి ఇన్ని దినాలు దీంట్లోంచే సూసినామా?” అంది అక్క. “మంచి కండ్లున్నోళ్ళు కదరా మీరంతా!”

ఎండకు కాలిన కాగితం షీటుకు అంటుకుపోయి, వేలెడంత వెడల్పున ముక్కలు ముక్కలుగా వస్తోంది. నడిమి ముక్క వచ్చినప్పుడు అక్క ఆగింది. దానిమీద అయ్యగారి బొటనవేలి నూనె మరక నిలువుగా, అడ్డంగా ఉంది. నేను దాన్ని తీసుకుని చెత్తలో వేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

“ప్రార్తన చేసి పూసింది. యాడబడితే ఆడ పారేస్తావా?”

మడిచి కార్యదర్శి ఫైలులో పెట్టాను. అట్లాంటివి ఏడు ఉండబోతున్నాయి. తర్వాతి కార్యదర్శి వాటిని చూసి ఏమనుకుంటాడో తెలియదు.

“రేపు పెద్దాయనకు నేనే చెప్తాను,” అన్నాను. “ఈ మూడోదాన్ని కూడా మార్పిస్తాను అక్కా. కొత్త షీటు వేసి...”

“దాని జోలికి పోవద్దు,” అంది. “అది ఉండనీ. ఇంకోసారి సెంటు సీసా మూత తీసినప్పుడు నీకు కనబడాల.”

పడమటి కిటికీ బయట ఒక కోతి వచ్చి కూర్చుంది. అక్కడ ఇంకా కాగితం తీయలేదు కాబట్టి దానికి తన ముఖం మసకగా కనిపించినట్టుంది. కొట్టాలా వద్దా అని తల వాల్చి ఆలోచిస్తోంది. అక్క దాన్ని ఒకసారి చూసి, మళ్ళీ గోరు దించింది.

“ఏం సూస్తా ఉండావు? నువ్వు ఆ కొస పట్టుకో.”

పట్టుకున్నాను.